ఫ్యూజు చోట బల్బు: పాత బైకులో షార్ట్ ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

కొత్త ఫ్యూజు వేసి తాళం తిప్పగానే ఠప్‌మని పోతుంది. ఇంకోటి వేస్తే అదీ అంతే. ఇక్కడికి వచ్చాక చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. ఫ్యూజుకు రాగి పోగు చుడతారు, లేదంటే వైరింగ్ కిట్ మొత్తం మార్పిస్తారు. రాగి పోగు చుడితే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. ఆ వైరు ఉండేది పెట్రోలు ట్యాంకు కింద. ఇక కిట్ మార్చడం చాలాసార్లు దండగ ఖర్చు. షార్ట్ సాధారణంగా ఒక్క చోటే, ఒక్క వైరులోనే ఉంటుంది. అది బల్బు హోల్డర్‌లోనో ఇండికేటర్ కాడలోనో ఉంటే కొత్త కిట్ వేసినా ఫ్యూజు పోతూనే ఉంటుంది.

ఇక్కడ చెప్పేది 12 వోల్టుల పాత బళ్ళ గురించి. ముఖ్యంగా 1985 నుంచి 1996 దాకా వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100, 1994లో మొదలైన హీరో హోండా స్ప్లెండర్ తొలి మోడళ్ళు, వాటి తరం 100 సీసీ బళ్ళు. పాత బుల్లెట్‌కైనా వెతికే పద్ధతి ఇదే, కానీ వైర్ల రంగులూ, ఏది బ్యాటరీ మీద నడుస్తుందన్నదీ మారతాయి.

ముందు ఒక విషయం: ఏది బ్యాటరీ మీద, ఏది కాయిల్ మీద

ఈ తరం బళ్ళలో హెడ్‌లైటు, దాంతోపాటు వెలిగే వెనక చిన్న లైటు, మీటరు లైటు బ్యాటరీతో పనిచేయవు. ఇంజను తిరిగితే మాగ్నెట్ దగ్గరి లైటింగ్ కాయిల్ నుంచి నేరుగా ఏసీ కరెంటు వాటికి వెళ్తుంది. ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చే సీడీఐకి కూడా అదే మాగ్నెట్‌లో వేరే కాయిల్ ఉంటుంది. బ్యాటరీ మీద నడిచేవి హారన్, బ్రేక్ లైటు, ఇండికేటర్లు, న్యూట్రల్ లైటు. ఫ్యూజు కాపలా కాసేది వీటికే.

కాబట్టి ఫ్యూజు పోతోందంటే హెడ్‌లైటు వైర్లు వెతకడం వృథా. హెడ్‌లైటు వైరు బాడీకి తగిలితే ఫ్యూజు పోదు. లైటు మసకబారుతుంది లేదా అసలు వెలగదు, కాయిల్ వేడెక్కుతుంది. సీడీఐని ఆపే వైరుదీ ఇదే కథ (హోండా, యమహా రెండింట్లోనూ సాధారణంగా నలుపు మీద తెల్ల గీత). తాళం ఆపినప్పుడు ఆ వైరు ఎర్త్ అయి, అంటే బాడీకి కలిసి, ఇంజను ఆగుతుంది. ఎక్కడైనా తొడుగు ఊడి ఛాసిస్‌కు తగిలితే నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఫ్యూజు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. హ్యాండిల్ ఒక వైపు తిప్పినప్పుడల్లా ఇంజను ఆగిపోతుంటే మొదట అనుమానించాల్సింది ఈ వైరునే.

హారన్ బటన్ ఎర్త్ వైపు ఉండే బళ్ళు కొన్ని ఉన్నాయి, యమహాలు చాలామటుకు అంతే. వీటిలో బటన్‌కు వెళ్ళే గులాబీ రంగు వైరు బాడీకి తగిలితే ఫ్యూజు పోదు, హారన్ దానంతట అదే మోగుతుంది.

రంగులు: హోండా అలవాటుతో యమహాను ముట్టుకోవద్దు

హోండా పద్ధతిలో ఆకుపచ్చ ఎర్త్, ఎరుపు బ్యాటరీ పాజిటివ్, నలుపు తాళం తిప్పాక కరెంటు వచ్చే వైరు. నారింజ ఎడమ ఇండికేటర్, లేత నీలం కుడి ఇండికేటర్, బూడిద రంగు ఫ్లాషర్ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పేది) నుంచి బయటికి వచ్చేది, ఆకుపచ్చ మీద పసుపు గీత ఉన్నది బ్రేక్ లైటు.

యమహాలో నలుపే ఎర్త్. ఎరుపు ఇక్కడా బ్యాటరీ పాజిటివే. తాళం తిప్పాక కరెంటు వచ్చేది గోధుమ రంగు. ముదురు గోధుమ ఎడమ ఇండికేటర్, ముదురు ఆకుపచ్చ కుడిది. మామూలు ఆకుపచ్చ హెడ్‌లైటు డిమ్.

అంటే స్ప్లెండర్‌లో కరెంటు మోసే నల్ల వైరు ఆర్‌ఎక్స్‌లో ఎర్త్. ఒక బండి మీద చేయి తిరిగినవాళ్ళు రెండో బండిలో అదే లెక్కన నల్ల వైర్లన్నీ కలిపేసి షార్ట్ తెచ్చిపెట్టడం అరుదేమీ కాదు. పైగా ముప్ఫై ఏళ్ళ బండిలో ఎవరో ఎప్పుడో దొరికిన రంగు వైరుతో అతుకు వేసి ఉంటారు. రంగుతో అంచనా వేయండి, మల్టీమీటరుతో ఖాయం చేసుకోండి.

కావలసిన సామాను

12 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి, దానికి హోల్డర్, అర మీటరు చొప్పున రెండు వైర్లు, చివర్లకు క్లిప్పులు. ఈ పనికి అసలు పనిముట్టు ఇదే. డిజిటల్ మల్టీమీటరు (రెండు ప్రోబ్‌ల మధ్య దారి కలిసి ఉంటే మోగే బజర్, 200 మిల్లీవోల్టుల రేంజి ఉన్నది). అసలు రేటింగు ఫ్యూజులు నాలుగు. అతుకులకు 0.5, 0.75 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు, 3, 6 మిల్లీమీటర్ల హీట్ ష్రింక్ స్లీవు, సోల్డరింగ్ ఐరన్, రెజిన్ ఉన్న సోల్డరు, గరుకు కాగితం, వైరింగ్ టేపు.

పోయిన ఫ్యూజును పారేయకండి, ముందు గాజు గొట్టం లోపలికి చూడండి. గాజు నల్లగా మాడి, లోపల వెండి పూత పూసినట్టుంటే నేరు షార్ట్, ఒక్కసారిగా భారీ కరెంటు పోయింది. గాజు తేటగా ఉండి తీగ మాత్రం మధ్యలో తెగి ఉంటే లోడు కాస్త ఎక్కువై నెమ్మదిగా కరిగిందన్నమాట, లేదా ఏళ్ళ తరబడి అదురుకు తెగిందన్నమాట. రెండో రకమైతే అదనంగా తగిలించిన లైట్లు, హారన్లు ముందు చూడండి.

మొదలుపెట్టే ముందు

బండిని ఆరుబయట నిలపండి. పెట్రోలు కాక్ కట్టేసి ట్యాంకు తీసి దూరంగా పెట్టండి. ట్యాంకు కింద వైర్లు ఎలాగూ చూడాలి, నిప్పురవ్వ భయం కూడా పోతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. పాజిటివ్ ముందు విప్పబోయి స్పానర్ ఛాసిస్‌కు తగిలితే ఆ స్పానరే షార్ట్ అవుతుంది. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర నెగటివ్. చాలా పాత బ్రిటిష్ బళ్ళలో పాజిటివ్ బాడీకి ఉంటుంది. ఏ కొస ఛాసిస్‌కు పోతోందో కళ్ళారా చూసుకోండి. అలా ఉంటే ఈ వరుస తిరగబడుతుంది.

అదనంగా తగిలించినవన్నీ విప్పేయండి: ఎల్‌ఈడీ లైట్లు, మొబైల్ చార్జర్, రెండో హారన్, పాట పెట్టె, ఏదైనా సరే. ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా లాగిన వైరు ఉంటే అదే దోషి అయ్యే అవకాశం ఎక్కువ. అవి తీయగానే ఫ్యూజు నిలబడితే సగం పని అయిపోయినట్టే.

బల్బు పెట్టడం

ముందు టెస్ట్ బల్బును నేరుగా బ్యాటరీ రెండు కొసలకు పెట్టి ఎంత వెలుగుతుందో గుర్తుపెట్టుకోండి. మీ కొలబద్ద అదే. పూర్తి చార్జి ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తుంది. 12 కిందికి పడిపోయి ఉంటే ముందు చార్జి చేయండి. లేకపోతే షార్ట్ ఉన్నా బల్బు మందంగా వెలిగి తప్పుదోవ పట్టిస్తుంది.

ఇప్పుడు ఫ్యూజు తీసి, హోల్డర్ రెండు కొసలకు బల్బు వైర్లు తగిలించండి. ఇక కరెంటంతా బల్బు గుండానే పోవాలి. అవతల నేరు షార్ట్ ఉన్నా 1.75 ఆంపియర్లకు మించి పారదు. ఫ్యూజు పోదు, వైరు కాలదు, ఎంతసేపైనా వెతకొచ్చు. షార్ట్ ఉంటే బల్బు పూర్తి వెలుగుతో వెలుగుతుంది. షార్ట్ లేకుండా మామూలు లోడు మాత్రమే ఉంటే ఎర్రగా మందంగా వెలుగుతుంది. 21 వాట్ల బ్రేక్ లైటు నొక్కితే రెండు బల్బులూ చెరి ఆరు వోల్టులు పంచుకుంటాయి, రెండూ మందమే. ఈ తేడా కంటికి స్పష్టంగా తెలుస్తుంది.

బల్బు బాగా వేడెక్కుతుంది. సీటు మీద, ప్లాస్టిక్ మీద పెట్టకండి. బల్బు ఉండగా ఇంజను స్టార్ట్ చేయకండి. బ్యాటరీ ఆసరా సరిగా లేక చార్జింగ్ వోల్టేజి ఎగిసి మిగతా బల్బులు, ఫ్లాషర్ పోవచ్చు.

దశలవారీగా

1. తాళం ఆపి ఉండగానే బల్బు పూర్తిగా వెలిగిందా? అయితే షార్ట్ ఉన్నది ఫ్యూజు నుంచి తాళం స్విచ్ దాకా, లేదా ఫ్యూజు నుంచి రెగ్యులేటర్ రెక్టిఫైయర్ (కాయిల్ ఏసీ కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చేది) దాకా. రెక్టిఫైయర్ కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింటు) పీకండి. బల్బు ఆరిపోతే లోపలి డయోడ్ షార్ట్ అయింది. మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి చూస్తే మంచి డయోడ్ ఒక వైపు 0.4 నుంచి 0.7 దాకా చూపి రెండో వైపు ఏమీ చూపదు. రెండు వైపులా సున్నాకు దగ్గరగా ఉంటే యూనిట్ మార్చాల్సిందే. బల్బు ఆరకపోతే హెడ్‌లైట్ డూమ్ (లైటు వెనక ఉండే గిన్నె) విప్పి తాళం స్విచ్ కప్లర్ పీకండి. అప్పుడు ఆరితే తప్పు స్విచ్‌లోనో దాని వైర్లలోనో ఉంది. అప్పటికీ ఆరకపోతే మిగిలింది ట్యాంకు కింద పారే ఎర్ర వైరు ఒక్కటే.

2. తాళం తిప్పాక వెలిగిందా? హోండాలో నలుపు, యమహాలో గోధుమ వైరు వెళ్ళే ప్రతి చోటా ఒక్కో కప్లర్ పీకుతూ బల్బును చూడండి. వరుస ఇది: ఫ్లాషర్, హారన్, ముందు బ్రేక్ స్విచ్, వెనక బ్రేక్ స్విచ్, న్యూట్రల్ లైటు, వెనక లైటు కప్లర్. ఏది పీకితే బల్బు ఆరుతుందో తప్పు ఆ కొమ్మలో ఉంది. పీకినదాన్ని వెంటనే తగిలించకండి. రెండు చోట్ల షార్ట్ ఉండటం అరుదే గాని ఉంటుంది.

3. తాళం తిప్పినా బల్బు నిండుగా వెలగకపోతే స్విచ్చులు ఒక్కొక్కటీ వేసి చూడండి. బ్రేకు నొక్కినప్పుడే నిండుగా వెలిగితే బ్రేక్ స్విచ్ నుంచి వెనక బల్బు దాకా ఉన్న వైరు. ఎడమ ఇండికేటర్ వేసినప్పుడే అయితే ఎడమ వైపు వైరు, ముందుదో వెనకదో బుల్లెట్ కనెక్టర్ (గుండ్రటి పిన్ను జాయింటు) పీకితే తేలిపోతుంది. ఒక్క హారన్ దగ్గర జాగ్రత్త. దాని కాయిల్ నిరోధం చాలా తక్కువ కాబట్టి షార్ట్ లేకపోయినా బల్బు బాగానే వెలగొచ్చు. హారన్ వైరు పీకి, కొస దేనికీ తగలకుండా పట్టుకుని బటన్ నొక్కి చూడండి.

4. ఏ స్విచ్చుకూ దొరకకపోతే తాళం ఆన్‌లో ఉంచి హ్యాండిల్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు నెమ్మదిగా తిప్పండి. వెనక మడ్‌గార్డ్ ఊపండి, సీటు మీద కూర్చుని లేవండి, ఇండికేటర్ కాడలు మెలిపెట్టండి, వైర్ల కట్టను చేతి వెడల్పు చొప్పున వంచుతూ పోండి. బల్బు ఒక్క క్షణం మెరిసిన చోటే షార్ట్ ఉంది. ఎగుడుదిగుడు రోడ్డు మీద మాత్రమే ఫ్యూజు పోయే బళ్ళు ఈ దశలో దొరికిపోతాయి.

మీటరు బజర్ చేసే మోసం

బ్యాటరీ పూర్తిగా విప్పాకే బజర్ వాడాలి. అప్పుడైనా ఒక చిక్కుంది. 21 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు నిరోధం ఏడు ఓమ్‌ల దాకా ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు ఒక ఓమ్ కూడా ఉండదు. బ్రేక్ లైటు వైరుకూ ఛాసిస్‌కూ మధ్య మీటరు పెడితే ఆ చల్లని బల్బు గుండానే బజర్ మోగుతుంది. అది షార్ట్ కాదు. అది చూసి మంచి వైరును కోసేసినవాళ్ళు ఎందరో. బజర్‌తో వెతకాలంటే ముందు ఆ లైన్‌లోని బల్బులన్నీ తీయాలి, హారన్, ఫ్లాషర్ విప్పాలి. టెస్ట్ బల్బు పద్ధతిలో ఈ తిప్పలు లేవు. అందుకే ముందు దాన్నే నమ్మాలి.

ఇంకో హెచ్చరిక. ఆంపియర్లు కొలిచాక ఎర్ర ప్రోబ్‌ను 10 ఆంపియర్ల రంధ్రంలోనే మర్చిపోయి వోల్టులు చూడబోతే మీటరే షార్ట్ అవుతుంది.

మిల్లీవోల్టులతో చోటు పట్టుకోవడం

తప్పు ఏ వైరులో ఉందో తేలింది, కానీ ఆ వైరు మీటరున్నర పొడవు, టేపు చుట్టిన కట్ట మధ్యలో ఉంది. కట్టంతా విప్పక్కర్లేదు. టెస్ట్ బల్బు పూర్తిగా వెలుగుతూ ఉందంటే ఆ వైరులో 1.75 ఆంపియర్లు పారుతున్నాయి. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నిరోధం మీటరుకు సుమారు 0.034 ఓమ్. అంటే మీటరు పొడవుకు దాదాపు 60 మిల్లీవోల్టులు పడిపోతాయి. మామూలు మల్టీమీటరుకు ఇది హాయిగా అందే కొలత.

మీటరును 200 మిల్లీవోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్‌ను ఛాసిస్ మీద రంగు గీకిన బోల్టుకు గట్టిగా తగిలించండి. ఎర్ర ప్రోబ్‌తో ఆ వైరు బయటపడే ప్రతి కప్లర్ వెనక నుంచి లోహాన్ని తాకండి. షార్ట్ వైపు వెళ్ళేకొద్దీ అంకె తగ్గుతుంది. షార్ట్ దాటాక కరెంటు పారదు కాబట్టి అంకె ఇక మారదు. ఉదాహరణకు డూమ్ దగ్గర 95, ట్యాంకు వెనక కప్లర్ దగ్గర 35, వెనక లైటు దగ్గర కూడా 35 అనుకోండి. షార్ట్ ట్యాంకు వెనక కప్లర్ దరిదాపుల్లో ఉంది, లేదా అక్కడి నుంచి చీలిన వేరే కొమ్మలో ఉంది. 95 నుంచి 35కు తగ్గడమంటే 60, అంటే డూమ్ నుంచి మీటరు దూరం. టేపు విప్పాల్సింది ఆ జానెడు చోటే.

ఒకటి గుర్తుంచుకోవాలి. కరెంటు బ్యాటరీ నుంచి ఎర్ర వైరులో ముందుకు తాళం దాకా వెళ్ళి, అక్కడి నుంచి నల్ల లేదా గోధుమ వైరులో వెనక్కి వస్తుంది. అందుకే లెక్క డూమ్ నుంచి వెనక్కి వేయాలి, బ్యాటరీ నుంచి కాదు. తుప్పు పట్టిన కప్లర్ మధ్యలో ఉంటే అది కూడా కొన్ని మిల్లీవోల్టులు మింగుతుంది. ఒక్క కప్లర్ అటూ ఇటూ పెద్ద తేడా వస్తే అది దూరం కాదు, ఆ కప్లర్ జబ్బు.

మామూలుగా దొరికే చోట్లు

వైరు కదిలే చోట, నలిగే చోట, కాలే చోట చూడాలి. అన్నిటికన్నా ముందు హ్యాండిల్ మెడ: తిప్పిన ప్రతిసారీ కట్ట అక్కడ వంగుతుంది, బిగువుగా కట్టి ఉంటే ఛాసిస్‌కు రాసుకుంటుంది. డూమ్ వెనక రంధ్రంలో రబ్బరు బుష్ పోతే రేకు అంచు కత్తిలా కోస్తుంది. వెనక మడ్‌గార్డ్ రంధ్రం కూడా అలాంటిదే. ట్యాంకు బిగించేటప్పుడు కింద ఇరుక్కున్న వైరు, సీటు రేకు కింద నలిగిన వైరు, వెనక బ్రేక్ స్విచ్ వైరు సైలెన్సర్‌కు తగిలి కరగడం, మాగ్నెట్ వైర్లు ముందు స్ప్రాకెట్ కవరు లోపల జారి గొలుసుకు తగలడం, ఇవన్నీ తరచూ కనిపించేవే.

ఇండికేటర్ కాడ వదులైతే అది తిరిగినప్పుడల్లా లోపలి వైరు మెలిపడి తొడుగు చిట్లుతుంది. పైకి ఏమీ కనపడదు. వెనక బల్బు హోల్డర్‌లో తుప్పు పేరుకుని స్ప్రింగు కొస పక్కకు ఒరిగితే బ్రేకు నొక్కగానే షార్ట్ కొడుతుంది. బల్బు తీసి గరుకు కాగితంతో శుభ్రం చేస్తే సరిపోతుంది. నెలల తరబడి కదలని బండి అయితే సీటు కింద ఎలుక కొరికిన గుర్తులు చూడండి.

వానలో మాత్రమే వచ్చే షార్ట్‌కు కారణం చాలావరకు కప్లర్లు, హ్యాండిల్ స్విచ్చులు, తాళం స్విచ్. పచ్చటి చిలుము పట్టి ఉంటే అదే దారి. టెస్ట్ బల్బు పెట్టి సీసా స్ప్రేతో ఒక్కో చోట కొంచెం నీళ్ళు చల్లి చూడండి. అన్నీ ఒకేసారి తడపకండి.

ఫ్యూజు పోదు, బ్యాటరీ మాత్రం దిగిపోతుంది

ఇది వేరే జాతి. స్ప్లెండర్ తరహా బ్యాటరీ 2.5 ఆంపియర్ అవర్లు. 50 మిల్లీ ఆంపియర్లు కారినా 50 గంటల్లో, అంటే రెండు రోజుల్లో ఖాళీ. కిక్ కొడితే బండి స్టార్ట్ అవుతుంది, హారన్, ఇండికేటర్లు మాత్రం ఉండవు.

తాళం ఆపి, నెగటివ్ వైరు విప్పి, ముందు టెస్ట్ బల్బును ఆ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య పెట్టండి. ఏమాత్రం వెలిగినా మిల్లీ ఆంపియర్ల రేంజి వాడకండి, మీటరు లోపలి ఫ్యూజు పోతుంది. వెలగకపోతే బల్బు స్థానంలో మీటరు పెట్టండి. గడియారం, అలారం లేని ఈ బళ్ళలో సున్నా, లేదా ఒక మిల్లీ ఆంపియరు లోపే రావాలి. ఎక్కువ వస్తే మొదట రెక్టిఫైయర్ కప్లర్, తర్వాత తాళం స్విచ్ కప్లర్ పీకి చూడండి. పెద్ద భాగం ఈ రెండింటిలోనే తేలుతుంది.

అతుకు

చిట్లిన చోట టేపు చుట్టి వదిలేయకండి. మన ఎండలకు టేపు జిగురు కరిగి జారిపోతుంది. వైరు తోలు ఒలిచి, నల్లబడిన రాగిని మెరిసే చోటిదాకా కోసేయండి. నల్ల రాగికి సోల్డరు అంటదు. స్లీవు ముందే ఎక్కించి, రెండు కొసలూ 15 నుంచి 20 మిల్లీమీటర్లు మెలిపెట్టి సోల్డరు పోసి, ఆరాక స్లీవు లాగి వేడి చేయండి. యాసిడ్ ఫ్లక్స్ వాడితే ఆరు నెలల్లో లోపలే చిలుము పట్టి తెగుతుంది. పక్కపక్క వైర్లకు అతుకులు ఒకే వరుసలో రాకుండా కనీసం ఒక అంగుళం ఎడంగా వేయండి.

హ్యాండిల్ మెడ దగ్గర సోల్డరు అతుకు వద్దు. సోల్డరు పోసిన చోట వైరు బిరుసెక్కి, వంగే ప్రతిసారీ దాని అంచున తెగుతుంది. అక్కడి ముక్క మొత్తం మార్చి, అతుకులు డూమ్ లోపలా ట్యాంకు కిందా పడేలా చూడండి. లైట్లకు 0.5, ఎర్ర మెయిన్ వైరుకూ ఎర్త్‌కూ 0.75 లేదా అంతకంటే లావు. కొత్త కట్టను అదే దారిలో, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరిగినా లాగుడు పడనంత వదులుగా కట్టండి. రంధ్రాల్లో రబ్బరు బుష్‌లు తప్పనిసరి. తగిలించిన అదనపు లైట్లు మళ్ళీ కావాలంటే ఒక్కోదానికి సొంత ఫ్యూజు పెట్టండి, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా.

అతుకు అయ్యాక ఫ్యూజు వెంటనే వేయకండి. టెస్ట్ బల్బు అలాగే ఉంచి తాళం తిప్పి, ప్రతి స్విచ్చూ వేసి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి, సీటు అదిమి, మూడో, నాలుగో దశలు మళ్ళీ చేయండి. ఎక్కడా నిండు వెలుగు రాకపోతే బల్బు తీసి, హోల్డర్ మీదో మాన్యువల్‌లోనో ఉన్న రేటింగు ఫ్యూజే వేయండి. ట్యాంకు బిగించి ఇంజను స్టార్ట్ చేసి, కాస్త రేజ్ చేస్తూ బ్యాటరీ కొసల దగ్గర వోల్టేజి చూడండి. 14 చుట్టూ ఉండాలి. 15 దాటుతుంటే రెగ్యులేటర్ పని చేయడం లేదు. దాన్ని మార్చే దాకా బండి బయటికి తీయకండి. లేకపోతే బల్బులు వరసగా పోతాయి, బ్యాటరీ ఉడుకుతుంది.